ఒంగోలు కోడ్‌లో సున్న యాడికి పోయింది?

కావలిలో డిగ్రీ కంప్యూటర్స్ పిల్లల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడతా ఉందా? సరే. బోర్డు మీద ఒకటి రాస్తాను, చూసి చెప్పండి. ఇదిగో, 25. ఏందిది? ఇరవై ఐదు. అంతేనా? అందరూ ఒప్పుకున్నట్టేనా?

నేను ఒప్పుకోను. బోర్డు మీద ఉన్నది రెండు గుర్తులు. ఒక రెండు, దాని పక్కన ఒక ఐదు. వాటిని చూసి ఇరవై ఐదు అనుకున్నది మీ తల. చిన్నప్పుడు ఒకటో తరగతిలో ఒకట్లు, పదులు, వందలు అని గళ్లు గీయించి నేర్పారు కదా, ఆ నేర్పు మీలో ఇంకిపోయింది. కంప్యూటర్‌కి ఆ ఒకటో తరగతి లేదు. మీరు కీబోర్డు మీద 2 నొక్కితే దానికి చేరేది 50. అవును, యాభై. 5 నొక్కితే చేరేది 53. అంటే మీరు ఇరవై ఐదు అని కొట్టారు, దాని దగ్గరున్నది 50, 53 అనే రెండు కోడ్‌లు. దాని పక్కన 1 కలపమంటే ఏం చేస్తుంది? పైథాన్ అనే ప్రోగ్రాం భాషలో రెండూ కొటేషన్లలో ఉంటే 251 ఇస్తుంది. ఇరవై ఆరు రాదు. అది తప్పు చేసిందా? లేదు. మనం ఇచ్చింది అక్షరాలు, అక్షరాల్ని పక్కపక్కన పెట్టింది.

ఈ రోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది. సంఖ్య వేరు, సంఖ్యని రాసిన రాత వేరు. రాత నుంచి సంఖ్యకి వెళ్లాలన్నా, సంఖ్య నుంచి రాతకి రావాలన్నా మధ్యలో ఒక వాకిలి ఉంది. ఆ వాకిట్లో ఎవరో ఒకరు నిలబడి పని చేయాలి. ఆ పని ఎట్లా జరుగుతుందో చూద్దాం.

రాత నుంచి సంఖ్య ముందు చూద్దాం. ఒంగోలు పిన్‌కోడ్ ఎంత? ఆ, 523001. నేను మీకు ఫోన్‌లో ఒక్కో అంకే చెప్తున్నాననుకోండి. ఐదు అన్నాను. మీ దగ్గర 5 ఉంది. తర్వాత రెండు అన్నాను. ఇప్పుడు మీరేం చేయాలి? ఉన్న ఐదుని పదిరెట్లు చేసి రెండు కలపాలి. 52. మూడు అన్నాను. 52ని పదిరెట్లు చేసి మూడు కలపండి, 523. సున్న, 5230. ఇంకో సున్న, 52300. ఒకటి, 523001. అయిపోయింది. మొత్తం ఎన్ని అంకెలో ముందే తెలియాల్సిన పని లేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు పదిరెట్లు చెయ్, కొత్తది కలుపు. పదిరెట్లు చెయ్, కలుపు. ఇంతే. ప్రపంచంలో మీరు వాడే ఏ ప్రోగ్రాం భాష అయినా లోపల చేసేది మూలంలో ఇదే.

మరి కంప్యూటర్‌కి వచ్చేది 5 కాదు, 53 కదా? అందులోంచి 48 తీసేయండి. సున్న కోడ్ 48, ఒకటి 49, అట్లా తొమ్మిది 57. అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ కోడ్ 1963లో మొదటిసారి అచ్చయినప్పుడే అంకెలన్నిటినీ వరసగా, మధ్యలో సందు లేకుండా పెట్టారు. ఇంకో అందం ఏందంటే, 48ని బైనరీలో, అంటే సున్న, ఒకటి మాత్రమే వాడే రెండుల లెక్కలో రాస్తే చివరి నాలుగు బిట్లు, అంటే ఆ లెక్కలో అంకెలు, సున్నలు. అందుకని 53ని బైనరీలో రాసి చివరి నాలుగు బిట్లు మాత్రం చూస్తే అక్కడ ఐదు కూర్చుని ఉంటుంది. ఇంటికి పోయి కాగితం మీద వేసి చూడండి. ఆ రోజుల్లో ఎంత ఆలోచించి పెట్టారో నాకు చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

ఇప్పుడు తిరుగుదారి. సంఖ్య ఉంది, దాన్ని రాయాలి. దీనికి మనం పొలానికి పోదాం. మీలో వ్యవసాయం ఇళ్ల పిల్లలు ఎంతమంది? చాలామందే ఉన్నారు. ఇప్పుడు నెల్లూరు జిల్లాలో పుట్టి అంటే 850 కిలోలు, తూకం లెక్క. కానీ మీ జేజి నాయనని అడిగితే కొలత లెక్క చెప్తాడు. పుట్టికి ఇరవై తూములు, తూముకి నాలుగు కుంచాలు. సరే, కల్లంలో 347 కుంచాల వడ్లు కొలిచారు. ఎన్ని పుట్లు?

నాలుగు కుంచాలు ఒక తూము కాబట్టి 347ని నాలుగుతో భాగించండి. 86 వస్తుంది, మూడు మిగుల్తుంది. ఆ మూడు కుంచాలు పక్కన రాసుకోండి. 86 తూముల్ని ఇరవైతో భాగించండి. నాలుగు వస్తుంది, ఆరు మిగుల్తుంది. నాలుగు పుట్లు, ఆరు తూములు, మూడు కుంచాలు. మన పెద్దవాళ్లు కల్లంలో నోటితో చేసిన లెక్క ఇది.

ఇప్పుడు అదే 347ని అంకెల్లో రాయండి. నాలుగు, ఇరవై బదులు ఎప్పుడూ పదితోనే భాగించండి. 347ని పదితో భాగిస్తే 34, మిగిలింది 7. 34ని భాగిస్తే 3, మిగిలింది 4. మూడుని భాగిస్తే సున్న, మిగిలింది 3. మిగుళ్లు ఏవి? 7, 4, 3. ఒక్కోదానికి 48 కలిపితే 55, 52, 51. అవే అక్షరాలు. వడ్ల రాశి ఒక్కటే. దాన్ని కుంచాల్లో చెప్పినా, పుట్లలో చెప్పినా గింజ పెరగదు, తరగదు. సంఖ్యా అంతే. పదుల్లో రాసినా, రెండుల్లో రాసినా, పదహార్లలో రాసినా రాత మారుతుంది గానీ సంఖ్య మారదు.

కానీ ఒక చిక్కు గమనించారా? మిగుళ్లు 7, 4, 3 వరసలో వచ్చాయి. మనకి కావాల్సింది 3, 4, 7. ఒకట్ల స్థానం ముందు పుడుతుంది, వందల స్థానం చివర పుడుతుంది. అందుకే ప్రోగ్రాం రాసేవాళ్లు అక్షరాల్ని బఫర్ అనే ఖాళీ గళ్ల వరస చివర నుంచి ముందుకి నింపుకుంటూ వస్తారు, లేదంటే మొత్తం రాసి తిరగేస్తారు. ఈ సంగతి మన పూర్వులకి బాగా తెలుసు. అంకానాం వామతో గతిః అన్నారు. అంకెలు ఎడమవైపుకి నడుస్తాయి అని. శాసనాల్లో శక సంవత్సరాన్ని చాలాచోట్ల మాటల్లో చెప్పేవాళ్లు. చంద్రుడు అంటే ఒకటి, నేత్రం అంటే రెండు, వేదం అంటే నాలుగు, ఆకాశం అంటే సున్న. ఆకాశ, నేత్ర, వేద, చంద్ర అని వరసగా వచ్చిందనుకోండి, ఎంత? సున్న, రెండు, నాలుగు, ఒకటి. మొదటి మాట ఒకట్ల స్థానం. కాబట్టి 1420. మళ్లీ మళ్లీ భాగించే మన లూప్‌లో మిగుళ్లు ఏ వరసలో పుడతాయో శాసనం రాసిన కవి మాటలు కూడా అదే వరసలో ఉన్నాయి. రాత నుంచి సంఖ్యకి మార్చే పని రాతి మీద శతాబ్దాల కిందటే జరిగింది.

ఈ లూప్‌లో రెండు గుంతలున్నాయి, రాసి చూస్తే గానీ తెలియవు. ఒకటి, సున్న. సంఖ్య సున్న అయ్యేదాకా భాగించు అని రాస్తారు. మరి మొదటే సున్న ఇస్తే? లూప్‌లోకి అడుగే పెట్టదు, ఖాళీ కాగితం బయటికొస్తుంది. కనీసం ఒక్కసారి తిరిగేట్టు రాయాలి. రెండోది మైనస్. చాలామంది ఏం చేస్తారు? మైనస్ గుర్తు పక్కన పెట్టేసి, సంఖ్యని ప్లస్ చేసి, భాగించుకుంటూ పోతారు. 32 బిట్ల ఇంటీజర్‌లో, అంటే 32 బిట్లలో దాచే పూర్ణ సంఖ్యలో, అతి చిన్నది -2147483648. దాన్ని ప్లస్ చేస్తే? పైన ఉండే హద్దు 2147483647. ఒక్కటి తక్కువ. ఆ ఒక్క సంఖ్యకి ప్లస్ జోడీ లేదు. అన్నిటికీ పనిచేసిన ప్రోగ్రాం ఆ ఒక్కదాని దగ్గర కూలబడుతుంది. తెలివైన దారి ఏందంటే, మైనస్‌ని ప్లస్ చేయకుండా ప్లస్‌నే మైనస్ చేసుకుని అటువైపు లెక్క చేయడం. అటువైపు చోటు ఒకటి ఎక్కువుంది కదా. జావాలో అక్షరాల్ని ఇంటీజర్‌గా మార్చే పార్స్‌ఇంట్ లోపల ఈ పద్ధతిలోనే కూడుతుంది. తీరిక చేసుకుని ఆ కోడ్ చదవండి, చిన్నదే.

ఇప్పటిదాకా చెప్పింది మంచి అంకెలు వచ్చినప్పటి సంగతి. అసలు కష్టం వాకిట్లోకి అంకె కానిది వచ్చినప్పుడు. ఇక్కడ నా జీవితంలో జరిగింది చెప్తాను, జాగ్రత్తగా వినండి.

పన్నెండేళ్ల కిందట ఈ సముద్రం వైపు రొయ్యలు కొనే ఒక షెడ్డుకి బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. గుంట పట్టిన రోజు రైతు సరుకు తెస్తాడు, గుమాస్తా తూకం కొడతాడు, కౌంట్ కొడతాడు, బిల్లు వస్తుంది. కౌంట్ అంటే మీకు తెలుసు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. ఒకరోజు ఒక రైతు చేతికి బిల్లు వచ్చింది. బరువు, ఒక కిలో. ఆయన నా దగ్గరికొచ్చి కాగితం చూపించి, "నాలుగు నెలలు రాత్రిళ్లు గుంట గట్టు మీద పడుకున్నానయ్యా, ఒక్క కిలోనా?" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఏం జరిగింది? గుమాస్తా 1,250 అని కామా పెట్టి కొట్టాడు. మనందరం కాగితం మీద అట్లాగే రాస్తాం, ఆయన తప్పేం లేదు. నేను జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్ వాడాను. అది ఏం చేస్తుంది? ఎడమ నుంచి అంకెలు చదువుకుంటూ పోతుంది. అంకె కానిది కనపడగానే ఆగిపోయి, అప్పటిదాకా చదివింది ఇచ్చేస్తుంది. ఒకటి చదివింది, కామా చూసింది, ఆగింది, ఒకటి ఇచ్చింది. తప్పు అని చెప్పలేదు. ఎర్ర గీత రాలేదు. ఒక కిలో బిల్లు కాబట్టి రైతు కంట్లో పడింది. అదే కౌంట్ గడిలో 40కి సున్న బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టి ఉంటే? నాలుగు అని తీసుకుంటుంది. రేటు మొత్తం తారుమారు. ఆ రాత్రి కూర్చుని పాత బిల్లులన్నీ ఒక్కోటి తీసి చూశాను. మనం రాసిన ఒక్క లైను ఒక మనిషి పంట మీదికి వస్తుంది, అబ్బయ్యా. అమ్మా, మీరు కూడా గుర్తుపెట్టుకోండి.

అందుకని ఏ భాషలో పని చేసినా మీరు మొదట అడగాల్సిన ప్రశ్న: చెత్త ఇస్తే ఇది ఏం చేస్తుంది? సీ భాషలో ఏటూఐ అనే ఫంక్షన్ ఉంది, అన్ని పుస్తకాల్లోనూ అదే నేర్పుతారు. దానికి నెల్లూరు అని ఇస్తే సున్న ఇస్తుంది. 0 అని ఇచ్చినా సున్నే ఇస్తుంది. ఈ రెండు సున్నలకీ తేడా మీకెట్లా తెలుస్తుంది? తెలియదు. దారే లేదు. దాని బదులు ఎస్‌టీఆర్‌టాల్ వాడండి. అది యాడ ఆగిందో చోటు గుర్తుపెట్టుకునే ఒక పాయింటర్‌లో చెప్తుంది, హద్దు దాటితే తప్పుల గుర్తు ఉండే ఎర్‌నోలో చెప్తుంది. ఆగిన చోటు రాత చివరేనా అని మీరు చూసుకోవాలి. పైథాన్‌లో ఇంట్ అయితే 1,250 ఇవ్వగానే వాల్యూఎర్రర్ అని ఆగిపోతుంది. జావా కూడా నంబర్‌ఫార్మాట్ఎక్సెప్షన్ అంటుంది. పిల్లలు ఎర్రర్ రాగానే కంగారుపడతారు. ఎర్రర్ వచ్చిందంటే వాకిట్లో మనిషి మెలకువగా ఉన్నాడని. అయితే పైథాన్ కూడా కొన్నిటిని లోపలికి రానిస్తుంది. ముందూ వెనకా ఖాళీలుంటే పట్టించుకోదు. 3.6 నుంచి అంకెల మధ్య అండర్‌స్కోర్ కూడా ఒప్పుకుంటుంది.

తిరుగుదారిలో కామాల సంగతి ఒక్కమాట. పైథాన్‌లో కామాలు పెట్టమంటే వేలు, మిలియన్లు అని మూడేసి అంకెలకి పెడుతుంది. మనకి 12,34,567 అని లక్షల్లో కావాలి. జావాస్క్రిప్ట్‌లో అయితే ఇండియా లొకేల్, అంటే మన దేశపు రాత పద్ధతి, చెప్తే అదే పెడుతుంది. లేకపోతే చివరి మూడు వదిలి తర్వాత రెండేసి చొప్పున మీరే పెట్టుకోండి.

ఇప్పుడు సైజు. మీ మొబైల్ నంబర్ ఎన్ని అంకెలు? పది. మన దేశంలో మొబైల్ నంబర్లు ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదితో మొదలవుతాయి. అంటే అతి చిన్నది కూడా ఆరు వందల కోట్లు. 32 బిట్ల ఇంట్‌లో పట్టేది 2147483647, అంటే రెండు వందల పద్నాలుగు కోట్లు చిల్లర. మైనస్ లేకుండా తీసుకున్నా 4294967295. మన దేశంలో ఏ ఒక్కరి మొబైల్ నంబరూ అందులో పట్టదు! తొమ్మిది పక్కన తొమ్మిది సున్నలు పెట్టి నంబర్ అనుకుని, పదిరెట్లు చెయ్, కలుపు అని 32 బిట్లలో పోతే, మామూలు కంప్యూటర్‌లో పొర్లిపోయి 410065408 మిగుల్తుంది. చూడ్డానికి నిజమైన సంఖ్యలానే ఉంటుంది. సీ ప్రమాణం అయితే ఇట్లా పొర్లితే ఏం జరుగుతుందో చెప్పలేం అనేసింది. జావా మాత్రం పొర్లనివ్వదు, అదే ఎక్సెప్షన్ ఇస్తుంది. జావాస్క్రిప్ట్ 9007199254740991 దాకా ప్రతి సంఖ్యనీ తేడా లేకుండా పట్టుకుంటుంది, ఆ తర్వాత పక్కపక్క సంఖ్యలు కలిసిపోతాయి. ఎక్సెల్‌లో 15 అంకెలు దాటితే మిగతావన్నీ సున్నలు చేసేస్తుంది. పదహారంకెల బ్యాంకు ఖాతా నంబర్ కొట్టి ఎంటర్ నొక్కండి, చివరి అంకె సున్న అయి ఉంటుంది. ఆ సున్నతో డబ్బు ఎవరి ఖాతాకి పోతుందో ఆలోచించండి.

పైథాన్‌కి సైజు హద్దు లేదు కదా సార్ అంటారు. సంఖ్యకి లేదు. రాతకి ఉంది. 2022లో వచ్చిన 3.11లో, ఆ కాలంలోనే పాత వెర్షన్లకిచ్చిన భద్రతా సవరణల్లో, పదుల్లో రాసిన 4300 అంకెలు దాటితే మార్చను అని పెట్టారు. ఎందుకు? పదిరెట్లు చెయ్, కలుపు అన్నాం కదా, సంఖ్య పెద్దదయ్యేకొద్దీ ఆ పదిరెట్లు చేయడమే పెద్ద పని అవుతుంది. అంకెలు రెట్టింపైతే పని నాలుగింతలు. ఎవడైనా ఒక వెబ్‌సైట్ గడిలో లక్షల అంకెలు పడేస్తే సర్వర్ దాని మీదే కూర్చుంటుంది. పదహార్లలో, రెండుల్లో రాసిన దానికి మాత్రం ఈ హద్దు లేదు. కంప్యూటర్ లోపల ఉన్నదే రెండుల్లో కాబట్టి బిట్లని గుంపులు కట్టి రాసేస్తే చాలు, భాగించాల్సిన పని లేదు.

ఇక ఒంగోలు. ఒంగోలు ఎస్టీడీ కోడ్ 08592. నెల్లూరు 0861. ఇంటీజర్‌గా మార్చి మళ్లీ రాస్తే ఏం వస్తుంది? 8592. సున్న యాడికి పోయింది? ఎవరూ దొంగిలించలేదు. సంఖ్యలో ఆ సున్న లేనే లేదు, రాతలో మాత్రమే ఉంది. వాకిలి దాటినప్పుడు సంఖ్య దాటింది, రాత బయటే ఉండిపోయింది. పైగా సీ భాషలో ప్రోగ్రాంలోనే 0861 అని రాస్తే, దాన్ని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ ఒప్పుకోదు. ముందు సున్న ఉంటే అది ఎనిమిదుల లెక్క అని అర్థం, ఎనిమిదుల లెక్కలో 8 అనే అంకె లేదు. రోల్ నంబర్ 010 అని రాశారనుకోండి, కంపైలర్ నోరెత్తదు, ఎనిమిది అనుకుంటుంది. పాత జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్‌కి 08 ఇస్తే కొన్ని బ్రౌజర్లలో సున్న వచ్చేది. 2009 ప్రమాణంలో దాన్ని సరిచేశారు.

కాబట్టి మీరు గడి పెట్టేముందు ఒకటి అడగండి. దీంతో లెక్క చేస్తామా? ఒంగోలు కోడ్‌ని ఎవరైనా రెండుతో గుణిస్తారా? ఇద్దరి మొబైల్ నంబర్లు కూడతారా? హాల్‌టికెట్ నంబర్ల సగటు తీస్తారా? తీయరు. అయితే అవి సంఖ్యలు కావు, అంకెలతో రాసిన పేర్లు. పేరుని పేరుగానే ఉంచండి, రాతగానే దాయండి. రొయ్యల బరువు, వడ్ల తూములు, మార్కులు, ఇవీ సంఖ్యలు.

ఇందాక ఎవరో చీటీ పంపారు, చదువుతాను. "తెలుగు అంకెలు ఇస్తే మారుతుందా సార్?" మంచి ప్రశ్న. మీ ఊళ్లో పంచాంగంలో ౧, ౨, ౩ చూసే ఉంటారు. ప్రపంచ లిపులకి కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో తెలుగు సున్న కోడ్ 3174, తొమ్మిది 3183. వరసగానే ఉన్నాయి, కాబట్టి 48 బదులు 3174 తీసేస్తే చాలు. ఇందాక చెప్పిన చివరి నాలుగు బిట్ల చిట్కా మాత్రం ఇక్కడ పనిచేయదు, 3174 చివరి బిట్లు సున్నలు కావు. పైథాన్‌లో ఇంట్‌కి ౫౨౩౦౦౧ అని ఇచ్చి చూడండి. 523001 ఇస్తుంది! జావా కూడా తీసుకుంటుంది. జావాస్క్రిప్ట్ తీసుకోదు. సీలో ఏటూఐ, మామూలే, సున్న అంటుంది. తెలుగు అంకెలు మొదటిసారి పైథాన్‌కి ఇచ్చి జవాబు చూసినరోజు నాకు చాలా సంతోషమేసింది.

మన లిపిలో ఇంకా ఉన్నాయి. పాతిక అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు. ఈ నాలుగుల లెక్క రాయడానికి మనకి వేరే భిన్నాంకెలే ఉండేవి. అవి ఏడు గుర్తులు, 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో చేరాయి. వాటిని ఇంట్‌కి ఇస్తే పైథాన్ ఒప్పుకోదు, అవి పదుల అంకెలు కావు కాబట్టి. వాటి పక్కనే 3199 అనే కోడ్ దగ్గర ఇంకో గుర్తు ఉంది, ఇదిగో, ౿. ఏందో తెలుసా? తూము. మన జేజినాయనలు కల్లంలో కొలిచిన తూముకి రాసే గుర్తు అది. మీ సార్‌ని అడిగాను, రేపు మధ్యాహ్నం ల్యాబ్ మీకే ఇచ్చారు. కుంచాలు ఎన్నో అడిగి, పుట్లు, తూములు, కుంచాలు చేసి, తెలుగు అంకెల్లో, ఆ తూము గుర్తుతో చూపించే ప్రోగ్రాం రాయండి. 347తో మొదలుపెట్టండి. తర్వాత సున్న ఇవ్వండి. తర్వాత 1,250 అని కామాతో ఇవ్వండి.